పాతాళ గుహలో నా పడవ ఖాళీగా వెళ్ళిపోయింది

నా గొంతు ఇలా బొంగురుపోయిందేంటని పొద్దుట్నుంచీ అందరూ అడుగుతున్నారు కదా. కూర్చోండి, టీ వచ్చేలోపు చెప్తాను. మొన్న మంగళవారం మధ్యాహ్నం నన్ను చూసి ఒక పెద్దావిడ చేతులెత్తి దణ్ణం పెట్టింది. ఇంకో పెద్దమనిషి చేతిలో టార్చి పారేసి పరిగెత్తాడు. రెండూ నా ఘనకార్యాలే.

మన హైవే పక్కన, కొబ్బరితోటల మధ్య పార్కు ఉంది కదండీ. నాకు పెళ్ళయిన కొత్తల్లో తెరిచారు. అప్పట్నుంచీ నేను దానికి వీరాభిమానిని. మా మ్యాచింగ్ సెంటర్‌కి వచ్చిన వాళ్ళు సీరియళ్ళ గురించి మాట్లాడుకుంటుంటే, నేను మాత్రం ఆ పార్కులో కొత్తగా ఏం పెట్టారు, పాతది ఏం పీకేశారు అని చెప్తుంటాను. పిల్లల రైలు తీసేసి డాషింగ్ కార్లు పెట్టారు, సరేలే అనుకున్నాను. ఊగే ఓడ తీసేసి అలల కొలను కట్టారు, రెండ్రోజులు నాకు అన్నం సయించలేదు. ఇప్పుడేమో పాతాళ గుహ తీసేస్తారట. దాని స్థానంలో ఫైవ్ డీ హాలు. కళ్ళజోడు పెట్టుకుని కుర్చీలో కూర్చుంటే కుర్చీ కుదుపుతుందట. కుర్చీలో కుదుపుల కోసం అంత దూరం వెళ్ళాలా, ఆర్టీసీ బస్సు ఎక్కితే చాలదూ?

పాతాళ గుహ అంటే తెలీని వాళ్ళకి చెప్తాను. బయటికి సిమెంటు కొండలా ఉంటుంది. లోపలంతా చీకటి. వంకరటింకరగా ఒక సన్న కాలవ ఉంటుంది. పంపు నీళ్ళని తోస్తుంటే, ఇద్దరు పట్టే చిన్న పడవ దానంతటదే మెల్లగా పోతుంది. రెండు పక్కలా గట్టు, గట్టు మీద ఫైబర్ బొమ్మలు. అస్థిపంజరాలు, తల ఊపే ముసలి మాంత్రికుడు, మధ్యలో పెద్ద రాక్షసి. మనం దగ్గరికి రాగానే ఆకుపచ్చ లైటు వెలిగి, రాక్షసి రెండు చేతులూ ఎత్తి నవ్వుతుంది. ఆ నవ్వు వినడానికే నేను వెళ్తాను.

మొన్న ముసురుగా ఉంది. మా షాపుకి సెలవు. "ఏవండీ, ఆఖరిసారి చూసొద్దాం" అన్నాను మా ఆయనతో. ఆయనకి కదిలేది ఏదెక్కినా కళ్ళు తిరుగుతాయి. ఇన్నేళ్ళలో ఒక్క రైడూ ఎక్కలేదు. అయినా ప్రతిసారీ వచ్చి, రైడు అయిపోయే చోట నిలబడి ఎదురుచూస్తారు.

వెళ్ళేసరికి పార్కులో జనమే లేరు. తడిసిన జెయింట్ వీల్ ఒక్కటే నిలబడి ఉంది, దాని గొలుసులు గాలికి చప్పుడు చేస్తున్నాయి. స్పీకర్లలో ఎవరికోసమో పాటలు వస్తున్నాయి. పడవలెక్కించే సత్తిబాబు గారు నన్ను బాగా ఎరుగుదురు. "రండమ్మా. ఇంక నాలుగు రోజులే" అన్నారు. చెప్పులు తడుస్తాయని విప్పి పడవలో పెట్టుకున్నాను, పక్కన హ్యాండ్‌బ్యాగు. ఒక్కదాన్నే లోపలికి పోయాను.

మొదటి మలుపు తిరిగేసరికి వెనక వెలుతురు పోయింది. నాచు వాసన, తడి సిమెంటు వాసన. మాంత్రికుడు తల ఊపాడు. ఒక కన్ను ఎప్పుడో రాలిపోయింది, ఆ గుంటలో సాలెగూడు. ఎన్నిసార్లు చూసుంటానో, ఆ రోజు మాత్రం ఎందుకో అతని వైపు పూర్తిగా తిరిగి చూడలేదు.

రాక్షసి దగ్గరికి వచ్చాను. లైటు వెలిగింది, నవ్వు మొదలైంది. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. లైటు ఒక్కసారే ఆరింది గానీ, ఆ నవ్వు వెంటనే ఆగలేదండి. నెమ్మదించి, నెమ్మదించి, మూలుగులా అయి, ఎవరో నీళ్ళలో మునిగిపోయినట్టు ఆగింది. పంపు కూడా ఆగిపోయింది. పడవ నిలబడిపోయింది. కళ్ళు మూసుకున్నా తెరిచినా ఒకటే చీకటి.

జనరేటర్ వేస్తారులే అని కూర్చున్నాను. పైనుంచి నీటిబొట్లు పడుతున్నాయి. అప్పుడు వినపడింది. నా వెనకాల ఎవరో సన్నగా కూనిరాగం తీస్తున్నారు. ఉయ్యాలలో బిడ్డని ఊపుతూ తీసే రాగం. స్పీకరులోంచి వచ్చేది కాదు, కరెంటు లేదు కదా.

"ఎవరండీ అక్కడ?" అన్నాను.

రాగం ఆగింది. "నేనేనమ్మా" అని ముసలి గొంతు.

మనిషి గొంతే కదా అని కాస్త ధైర్యం వచ్చింది. "మీరెప్పుడొచ్చారండీ?" అని అడిగాను.

"నేనా? ఇది కట్టిన కొత్తల్లో వచ్చానమ్మా. మా ఆయనతో."

"ఆయనేరండీ?"

"ఆయన పోయారు. నేను మాత్రం ఈ చోటు వదల్లేకపోతున్నాను."

నా వీపు మీద ఎవరో చన్నీళ్ళు పోసినట్టయింది. ఆ గొంతు ఇంకాస్త దగ్గరగా వచ్చింది. "దీన్ని పడగొట్టేస్తారట కదమ్మా. పడగొడితే నేనింకెక్కడికి వెళ్ళను?"

నేను పడవ అంచు రెండు చేతులా పట్టుకున్నాను.

"ఒక్కదానివేనా?" అంది ఆ గొంతు. "నా పక్కన చోటుంది. రారాదూ, ఇద్దరం కూర్చుందాం."

అని ఊరుకుందా, వెనకనుంచి నా పడవని ఏదో మెత్తగా వచ్చి తాకింది.

నేను ఆలోచించలేదండి. ఆలోచించే మనిషినైతే ఇదంతా మీకు చెప్పాల్సిన అవసరమే ఉండేది కాదు. గట్టు ఎటుందో తెలీకుండానే దూకాను. ఒక కాలు గట్టు మీద, ఒక కాలు కాలవలో. కూలబడి, లేచి, నడుం దాకా తడిసి, ఎలాగో పైకి పాకాను. జుట్టుకున్న క్లిప్పు ఎక్కడో పోయింది. అరుద్దామని నోరు తెరిస్తే పిల్లి కూత లాంటిదేదో వచ్చి, గొంతు అక్కడితో పట్టేసింది. ఆసరా కోసం చీకట్లో తడుముకుంటే ఎవరిదో చెయ్యి తగిలింది. సన్నటి వేళ్ళు, చల్లగా ఉన్నాయి. భయంతో దాన్నే గట్టిగా పట్టుకున్నాను. ఆ చెయ్యి నాతో వచ్చేసింది.

చెయ్యి మొత్తం. మోచేతి దాకా.

అప్పుడే కరెంటు వచ్చింది. ఆగిపోయిన మూలుగు మళ్ళీ కొంచెం కొంచెంగా పైకి లేచి నవ్వయింది. పంపు కదిలింది. నా కళ్ళముందే నా పడవ, నా చెప్పులు, నా బ్యాగు, హాయిగా మలుపు తిరిగి వెళ్ళిపోయాయి. నేను రాక్షసి పక్కన నిలబడి ఉన్నాను. తడి చీర, విరబోసిన జుట్టు, చేతిలో అస్థిపంజరం చెయ్యి, నెత్తి మీద ఆకుపచ్చ లైటు.

నా పడవ వెనకే రెండో పడవ వచ్చింది. అందులో చిన్నగా, సన్నగా ఒక పెద్దావిడ. కళ్ళజోడు, పక్కన మడిచిన గొడుగు, ఒళ్ళో జంతికల కవరు. దెయ్యాలు గొడుగు పట్టుకుని తిరగవని నాకు అప్పుడు తట్టింది. నా వెనక పడవలో కూర్చుని మాట్లాడింది ఈవిడేనన్నమాట. 'అమ్మగారూ, నేను మనిషినేనండీ' అని చెబుదామనుకున్నాను. గొంతులోంచి గాలే వచ్చింది.

ఆవిడ నన్ను చూసింది. కవరు జారిపోయింది. రెండు చేతులూ జోడించింది. "తల్లీ, ఇందాక మాట్లాడింది నువ్వా? తెలీక పక్కన కూర్చోమన్నాను. తప్పయిపోయింది" అంది. అలా దణ్ణం పెడుతూనే మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

బయట జరిగింది మా ఆయన చెప్పగా విన్నదే. ముందు నా పడవ వచ్చిందట, మనిషి లేకుండా. చెప్పులు మాత్రం పక్కపక్కన బుద్ధిగా ఉన్నాయట. అది చూసి సత్తిబాబు గారి మొహంలో నెత్తురు లేదట. ఇంతలో రెండో పడవలో పెద్దావిడ వణుకుతూ దిగి, "లోపల ఒకావిడ ఉందండీ. తడి జుట్టు. చేతిలో చెయ్యి పట్టుకుని ఉంది. మా ఆయన ఏరని అడిగింది" అందట. మా ఆయన అక్కడే చతికిలబడ్డారట. కదిలేది ఏదీ ఎక్కకుండానే కళ్ళు తిరిగాయట.

సత్తిబాబు గారు పంపు ఆపేసి, టార్చి పట్టుకుని గట్టు మీదుగా లోపలికి వచ్చారు. రాక్షసి నవ్వుతూనే ఉంది, చేతులెత్తి దించుతూనే ఉంది. "అమ్మా, అమ్మా" అని పిలుస్తూ ఆయన టార్చి ఒక్కో బొమ్మ మీదా వేశారు. మాంత్రికుడి మీద వేశారు. అస్థిపంజరాల మీద వేశారు. నా మీదా వేశారు. నా మొహం మీద నుంచి కాళ్ళ దాకా వెలుతురు నడిచింది. అక్కణ్ణుంచి పక్కనున్న రాక్షసి మీదికి వెళ్ళిపోయింది.

ఇంత బతుకూ బతికి, పన్నెండు రకాల క్రీములు రాసి, చివరికి నా మొహం ఫైబర్ బొమ్మల్లో కలిసిపోయింది. అది భయం కంటే ఎక్కువ బాధ పెట్టింది. ఎలాగైనా పిలవాలని, ఉన్న బలమంతా కూడదీసుకుని, "సత్తిబాబు గారూ" అని గాలి గొంతుతో అన్నాను. అని ఊరుకున్నా బాగుండేది. ఆయనకి కనబడాలని చెయ్యి కూడా ఊపాను. నాది కాదు, చేతిలో ఉన్నది.

టార్చి కాలవలో పడింది. ఆయన ఎటు వెళ్ళారో తెలీదు గానీ, అడుగుల చప్పుడు మాత్రం చాలా దూరం దాకా వినపడింది.

ఇక నేను కదల్లేదు. గట్టు ఎక్కడ తెగుతుందో తెలీదు, కాలవ ముందుకెళ్తే ఎంత లోతో తెలీదు. రాక్షసి నవ్వుతోంది, నేను దాని పక్కన బిగుసుకుపోయి నిలబడ్డాను. ఎంతసేపో నాకు తెలీదు. నిజంగా అప్పుడు ఏడుపొచ్చిందండి. ఈ గుహ కూల్చేటప్పుడు బొమ్మలతో పాటు నన్నూ లారీలో వేసుకుపోతారేమో అనిపించింది. నవ్వకండి, అక్కడ ఉంటే మీకూ అనిపిస్తుంది.

తర్వాత నీళ్ళ చప్పుడు. ఎవరో కాలవలో నడిచి వస్తున్నారు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, నా హ్యాండ్‌బ్యాగు భుజాన తగిలించుకుని, మా ఆయన. చేతిలో లైటేం లేదు. ఇటూ అటూ చూడలేదు. తిన్నగా నా ముందుకొచ్చి, "దిగు. నీళ్ళు పిక్కల దాకానే. ఆ చెయ్యి అక్కడ పెట్టి రా" అన్నారు.

పెట్టి వచ్చాను.

బయట పెద్దావిడ టీ కొట్టు బల్ల మీద కూర్చుని ఉంది. పేరు మాణిక్యమ్మ గారు, పాలకొల్లు. నా చెయ్యి పట్టుకుని గిల్లి చూసి, వేడిగా ఉందని నిర్ధారించుకున్నాకే నవ్వింది. ఏటా ఒక్కసారి వస్తుందట. "మా ఆయన చాలా గంభీరమైన మనిషమ్మా. నలుగురిలో నా పక్కన కూడా నడిచేవారు కాదు. ఆ గుహలో మాత్రం భయపడి నా చెయ్యి పట్టుకునేవారు" అంది. అందుకని ఆవిడ ఆ చీకట్లో కూనిరాగం తీసుకుంటూ కూర్చుంటుందట. మిగిలిన జంతికలు ముగ్గురం పంచుకున్నాం. సత్తిబాబు గారికి కూడా తీసిపెట్టాం గానీ, ఆయన నా చేతినుంచి తీసుకోలేదు.

ఇంటికొస్తూ బండి మీద మా ఆయన్ని అడిగాను, నాకు అది తెలుసుకోకపోతే నిద్ర పట్టదని. "సత్తిబాబు గారు టార్చి వేసినా పోల్చుకోలేకపోయారు. మీరు ఆ చీకట్లో అన్ని బొమ్మల్లో నన్నెలా గుర్తుపట్టారండీ?" అన్నాను. మనసులో ఏదో ఆశ కూడా ఉంది, అబద్ధమెందుకు.

ఆయన వెనక్కి తిరగకుండానే చెప్పారు. "బొమ్మలన్నీ కదుల్తున్నాయి, నవ్వుతున్నాయి, అరుస్తున్నాయి. ఒక్కటి మాత్రం నోరు మూసుకుని కదలకుండా నిలబడి ఉంది. నిజం చెప్పాలంటే నేనూ ముందు అది నువ్వు కాదనే అనుకున్నాను."