నీళ్ళు చూపెట్టిన మనిషి

దయ్యాలున్నయంటే నేను ఎన్నడు నమ్మలే. ఇది సదివినంక మీరు నమ్మాలని గూడ అంటలేను. నా బతుకుల నేను భయపడ్డది రెండింటికే. ఒకటి స్టీము, రెండోది మా యాదమ్మ నోరు. రెండూ కండ్లకు కనబడయి, కాలినంకనే తెలుస్తది.

ఇది నేనే రాస్తున్న, ఎవలతోని రాయిస్తలేను. యాభై దాటినంక మనుమరాలి రెండో తరగతి పుస్తకం ముందట పెట్టుకొని అక్షరాలు నేర్చుకున్న. తప్పులుంటే మీరే దిద్దుకోండ్రి. జరిగింది మాత్రం జరిగినట్టే రాస్త.

నా పేరు ఎల్లయ్య. మాది మేడ్చల్. జీడిమెట్లల ఒక మందుల కంపెనీల బాయిలర్ కాడ పని చేస్త. కట్టెలతోని మండే బాయిలర్. వయసైపోయిందని ఇంటికి పంపిండ్రు, మళ్ళ మనిషి దొరకక కాంట్రాక్టు మీద వాళ్ళే పిలిచిండ్రు. ఇన్నేండ్లు మంటకు గాలి కొట్టే బ్లోయరు మోత, పంపు మోత పక్కన నిలబడి నిలబడి చెవులు సగం పోయినయి. టీవీల ఎవలన్న పాడితే నాకు దోమ తిరిగినట్టు వినబడ్తది, అంతే.

రాక్ పాటల పిచ్చి నాకు అంటించింది ప్రసాదు. ఒక వారం నా తర్వాతి షిఫ్టు ఆయనది, ఒక వారం ముందటిది. కోస్తా దిక్కోళ్ళు, యాప్రాల్‌ల కిరాయికుంటరు. పెండ్లాం, ఒక చిన్న బిడ్డ. నన్ను బాబాయ్ అని పిలుస్తడు. ఒకనాడు షిఫ్టు మారంగ పెద్ద హెడ్‌ఫోను తీసి నా చెవులకు పెట్టిండు. డ్రమ్ము నా చెవుల పడలే, సీదా రొమ్ముల పడ్డది. గిటారు గుంజుతుంటే సేఫ్టీ వాల్వు లేసినట్టు అనిపించింది. మస్తు ఏండ్లకు ఒక పాట పూరాగ విన్న. మాటలు ఒక్కటి అర్థం కాలే, నాకు అవసరం గూడ పడలే.

అప్పటిసంది మా ఇద్దరి లెక్క షిఫ్టుల మీదనే నడుస్తుండె. ఎక్కడ షో ఉంటే అక్కడికి ఒకరు పోవుడు, ఇంకొకరు ఆయన పని గూడ చూసుకునుడు. శామీర్‌పేట్ దిక్కు రిసార్టుల కాడ ఖాళీ జాగలల్ల పెద్ద షోలు పెడ్తరు. పొద్దుగాల షిఫ్టు దిగి, కంపెనీ నల్లా కిందనే కడుక్కొని, పుర్రె బొమ్మ ఉన్న నల్ల బనీను తొడుక్కొని పోతుంటి. ఆ బనీను ప్రసాదు కొనిచ్చిందే. యాదమ్మ దాన్ని ఇంట్ల బట్టలతోని కలిపి ఉతకది. "కాటికి పోయే వయసుల కాటి బొమ్మ ఏస్కొని ఎగిరేటోన్ని నిన్నే చూసిన" అంటది. షో కాడ పోరగాండ్లు మాత్రం అంకుల్, అంకుల్ అని ఫోటోలు దిగుతరు.

బాయిలర్ కాడ మాకు ఒక పద్ధతి ఉన్నది. అది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

బాయిలర్ లోపల నీళ్ళు ఎంతున్నయో బయట ఒక గాజు గొట్టంల కనబడ్తది. నీళ్ళు అడుగంటితే లోపలి గొట్టాలు ఎర్రగ కాలుతయి. అప్పుడు తెల్వక సల్ల నీళ్ళు కొడితే బాయిలర్ పేలుతది, మనిషి ముక్క దొరకది. ఆ గాజు గొట్టం అబద్ధం గూడ ఆడుతది. కింది దారిల మురికి అడ్డం పడితే, లోపల నీళ్ళు లేకున్నా గాజుల పాత నీళ్ళు నిలబడే ఉంటయి. అందుకని షిఫ్టు మారేటప్పుడు దిగిపోయేటోడు గాజు కింద నల్లా లెక్క ఉండే కాక్ తిప్పి గాజులకెళ్ళి నీళ్ళు ఖాళీ చేస్తడు, మళ్ళ మూస్తడు. నీళ్ళు గుబుక్కున పైకి రావాలె. ఎక్కేటోడు కండ్లతోని చూడాలె. దీన్నే మేము నీళ్ళు చూపెట్టుడు అంటం. నీళ్ళు చూపెట్టనిది ఛార్జ్ ఇచ్చినట్టు గాదు.

ఆ ఆదివారం పొద్దుగాల షిఫ్టు ప్రసాదుది, పగటీలి షిఫ్టు, అంటే మధ్యాహ్నంది, నాది. శామీర్‌పేట్‌ల షో పగటీలే ఉండె. పాసు ప్రసాదుకే దొరికింది, నా చేతుల పెట్టిండు.

"నేను ఆ బ్యాండ్ వాళ్ళని రెండుసార్లు చూశాను, నువ్వెళ్ళు బాబాయ్. రెండు షిఫ్టులూ నేనే కొడతాను," అన్నడు.

పోయిన. గేటు కాడ ఒక ఆడపిల్ల చేతికి పట్టీ ఏస్తున్నది. కాయితం లెక్కనే ఉంటది గని చినగది, ఒకసారి అంటిస్తే కత్తెరతోని కొయ్యాల్సిందే. దాని మీద పేరు రాయమన్నది. అందరు ఇంగ్లీషుల గీకి పోతున్నరు, నేను తెలుగుల రాసిన. నా పేరుల రెండు వత్తులు. రెండూ నాకు కింద పడవు, పక్కకు జరిగి పడ్తయి. వెనక పోరగాండ్లు పరేషాన్ అయిండ్రు గని నేను పూరాగ రాసినంకనే చెయ్యి చాపిన.

స్పీకర్ డబ్బాల ముందటనే నిలబడ్డ. ఎండ ఇంక దిగలే. రెండు మూడు పాటలు అయినయి, రొమ్ము నిండుగ ఉన్నది. అంతల డ్రమ్ము కొట్టేటాయన పాట నడుమనే లేసిండు. ఇంకొకాయన వచ్చి పక్కన నిలబడి, దరువు తప్పకుంట పుల్లలు అందుకొని కూసున్నడు. అందరు కేక ఏసిండ్రు. నేను గూడ నవ్విన. చూడు, వీళ్ళు గూడ మా లెక్కనే ఛార్జ్ ఇచ్చుకుంటున్నరు అనుకున్న.

అనుకొంగనే నవ్వు పోయింది.

నేను షిఫ్టుకు పోలేదు గదా, మరి ప్రసాదుకు నీళ్ళు ఎవలు చూపెట్టిండ్రు? పొద్దటి షిఫ్టు దిగింది ఆయనే, పగటి షిఫ్టు ఎక్కింది ఆయనే. తనకు తను ఎవలు ఛార్జ్ ఇచ్చుకుంటరు? షిఫ్టు మారితేనే కాక్ తిప్పుడు అలవాటు. మారలేదంటే పొద్దటిసంది దాన్ని ఎవలూ ముట్టనట్టే. బాయిలర్‌కు ఉన్న రెండు గాజులల్ల ఒకటి పగిలితే బంద్ పెట్టినం, నీళ్ళు తగ్గితే మోగే గంట రిపేరుకు పోయింది. ఆదివారం బాయిలర్ కాడ మనిషి ఒక్కడే.

రొమ్ములకు వస్తున్న మోత ఇగ పాట లెక్క లేదు, పంపు మోత లెక్క అయింది. కండ్లు మూసుకున్న. ఆ గాజు నా ముందట కనబడ్డది. నీళ్ళు ఉన్నయి గని ఆడుతలేవు. నిజం నీళ్ళు ఎప్పుడు జరజర ఆడుతయి. నా చెయ్యి గాలిల లేసి కాక్ తిప్పింది. పక్కన పోరగాండ్లు అంకుల్ డాన్సు చేస్తుండని ఈలలు ఏసిండ్రు.

ఎంతసేపు అట్ల నిలబడ్డనో తెల్వదు, ఎవలో నా మణికట్టు గట్టిగ పట్టుకున్నరు.

కండ్లు తెరిచి చూసిన. నా దిక్కు చూసేటోళ్ళు ఎవలు లేరు, అందరి మొకాలు స్టేజి దిక్కే ఉన్నయి. పట్టు మాత్రం ఇంక తెలుస్తనే ఉన్నది. కొంచెం సేపు ఉండి ఇడిసింది.

గుంపు చీల్చుకుంట బయటికి వచ్చి ఫోను కలిపిన. ప్రసాదు ఫోను మోగింది, ఎత్తలే. ఎట్ల ఎత్తుతడు, లోపలికి పోయేటప్పుడు ఫోన్లు గేటు కాడ డబ్బాల ఏసి పోవుడే కంపెనీ రూలు. వాచ్‌మన్ నంబరు కొట్టిన, అది స్విచ్చాఫ్. ఎన్నిసార్లు కొట్టిననో తెల్వదు. బయటకు పోంగ గేటు కాడి పిలగాడు ఆపి, "అంకుల్, మళ్ళీ లోపలికి రావాలంటే పట్టీ ఉండాలె, మీ పట్టీ ఏది?" అన్నడు. చూస్కుంటే చేతికి లేదు. ఉత్త మణికట్టు, దాని మీద ఎర్రగ వాత. గుంపుల చినిగిందేమో అనుకున్న. దానికోసం ఆగే తీరుబడి నాకు లేకుండె.

శామీర్‌పేట్ నుంచి మేడ్చల్ దాంక షేర్ ఆటో. డ్రైవరు సీట్లు నిండనిది కదలనన్నడు. ఖాళీ సీట్లకు నేనే ఇస్త నడువుమన్న. మేడ్చల్‌ల బస్సు. గండిమైసమ్మ కాడ బస్సు ఆగితే లోపల ఉన్నోళ్ళందరు గుడి దిక్కు దండం పెట్టిండ్రు. నాకు గూడ చేతులు లేసినయి, నేనే దించుకున్న. నమ్మనోడు ఆపతిల మొక్కితే అది మొక్కు గాదు, లంచం. కిటికీలకెళ్ళి జీడిమెట్ల దిక్కు ఆకాశమే చూస్కుంట కూసున్న. పొగ లేస్తదా, చప్పుడు వస్తదా అని. ఆయన బిడ్డకు నేనేం మొకం చూపెట్టాలె అన్నదొక్కటే నా తలకాయల తిరుగుతున్నది.

గేటు కాడికి చేరేసరికి ఎండ దిగింది. కంపెనీ నిలబడే ఉన్నది. వాచ్‌మన్ కుర్చీల కూసొని పల్లీలు తింటున్నడు. చిమ్నీల పొగ లేదు. పొగ లేదంటే మంట లేదు. సీదా షెడ్డు దిక్కు ఉరికిన.

ప్రసాదు బాయిలర్ షెడ్డు బయట నేల మీద కూసున్నడు. అంగి మొత్తం చెమటతోని తడిసింది. తలెత్తి నన్ను చూసిండు.

"మళ్ళీ ఎందుకొచ్చావు బాబాయ్?" అన్నడు.

నేను ఇప్పుడే వస్తున్నని చెప్పిన. ఆయన నా బనీను దిక్కు, మొకం దిక్కు చూసిండు. జరిగింది చెప్పిండు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్న.

ఎండ ఉండంగనే నేను షెడ్డులకు వచ్చిన్నట. ఇదే నల్ల బనీను. షో వదిలేసి ఎందుకొచ్చావని అడిగితే పలుకలేదట. సీదా గాజు కాడికి పోయి, షిఫ్టు దిగేటోని లెక్క కింది కాక్ తిప్పిన్నట. గాజు ఖాళీ అయింది. కాక్ మూసిన్నట. నీళ్ళు పైకి రాలే. ప్రసాదుకు పానం పోయినంత పనైంది. అప్పుడే పంపు ఆన్ చేద్దామని ఆయన స్విచ్చు మీద చెయ్యి పెట్టి ఉండెనట. గాజుల నీళ్ళు నిండుగ ఉన్నా స్టీము ఎందుకో తేడాగ ఉన్నదని, ఎందుకైనా మంచిదని కొన్ని నీళ్ళు కొడదామనుకున్నడట. చెయ్యి తీసేసి, బ్లోయరు బంద్ చేసి, మండుతున్న కట్టెలు బయటికి గుంజిండు.

గుంజినంక వచ్చి నా చెయ్యి పట్టుకున్నడట.

చెయ్యి ఎట్లుండె అని అడిగిన. ఎందుకు అడిగిన్నో నాకు తెల్వదు.

"మామూలు చెయ్యే బాబాయ్. నీ చెయ్యే. ఛార్జ్ తీసుకున్నాను అని చెప్పాను. తలూపి బయటికెళ్ళావు. నా గుప్పిట్లో ఇది మిగిలింది," అన్నడు.

గుప్పిట తెరిచిండు. చేతి పట్టీ. అంటించిన కాడ అంటించినట్టే ఉన్నది, కొయ్యలే, చినగలే. దాని మీద పేరు. రెండు వత్తులు పక్కకు జరిగి పడ్డయి. నా రాత మా మనుమరాలే కష్టం మీద సదువుతది, దొంగరాత రాయనీకె ఎవని తరం గాదు.

వాచ్‌మన్‌ను అడిగిన. పగటిసంది లోపలికి చీమ గూడ రాలేదన్నడు. ఆ గేటు తప్ప ఇంకో దారి లేదు.

తెల్లారి మేనేజరు వచ్చి చూసిండు. కింది దారిల మురికి గట్టిపడి మూసుకపోయింది. లోపల నీళ్ళు అడుగుకు పోయినయి గని గొట్టాలు ఇంక కాలలే. నేను వచ్చి కాక్ తిప్పిన్నని ప్రసాదు చెప్తే, రెండు షిఫ్టులు వేడిల నిలబడితే మనిషికి లేనివి కనబడ్తయన్నడు. కావొచ్చు. నేను గూడ ప్రసాదుకు అదే చెప్పిన. పట్టీ సంగతి మేనేజరుకు మేము చెప్పలే. నా చేతిని ఆ పట్టీల దూర్చి చూసిన. నాలుగు వేళ్ళు పడ్తయి, బొటనేలు కాడ ఆగుతది. సబ్బు పెట్టి గూడ చూసిన.

యాదమ్మకు చెప్తే తిడ్తదనుకున్న. తిట్టలే. ఆ నల్ల బనీను తీస్కపోయి మొదటిసారి నా అంగీలతోని కలిపి ఉతికింది. ఎందుకని నేను అడగలే.

ఇప్పుడు గూడ షోలకు పోతున్నం. డబల్ షిఫ్టు మాత్రం ఎవలం కొడ్తలేము. షిఫ్టు మారంగ నేను కాక్ తిప్పి నీళ్ళు చూపెడ్త, నీళ్ళు గుబుక్కున పైకి వస్తయి. ఛార్జ్ తీస్కునే ముందు ప్రసాదు నా మణికట్టు ఒకసారి గట్టిగ పట్టుకుంటడు. ఆనాడు గుంపుల పట్టుకున్న పట్టు, ఇది ఒకటే. ఆ మాట ఆయనకు నేను ఇంతవరకు చెప్పలే.

"ఉన్నావా బాబాయ్?" అంటడు.

ఉన్న అంట. ఆనాడు ఎక్కడున్ననో మాత్రం నాకు ఇప్పటికీ తెల్వదు.