సుభాని బోర్డుల్లో ఖాళీలు

సన్నాయి మోగితే తప్ప సుభాని కుంచె కదలదు. అనకాపల్లిలో బోర్డు కావలసినవాడు రేకుతో పాటు సన్నాయి తాతబ్బాయినీ కూలిచ్చి తెచ్చుకోవాలి.

తాతబ్బాయికి డెబ్బై దాటాయి. పెళ్ళిళ్ళకు మైకుసెట్లు వచ్చాక ఆయన్ని పిలిచేవాళ్ళు లేరు. రాగం సాగినంతసేపూ సుభాని అక్షరాలు రాస్తాడు. ముసలాయన ఊపిరి కోసం ఆగితే అక్కడ ఖాళీ వదులుతాడు. ఆయనకు ఊపిరి తగ్గేకొద్దీ ఊళ్ళో బోర్డుల్లో ఖాళీలు పెరిగాయి.

నెయ్యి కొట్టు బంగారయ్య బోర్డులో ‘కల్తీ’ ఈ చివర పడింది. ‘లేని నెయ్యి’ ఆ చివర, స్తంభం వెనక పడింది.

“ఏటి బావా ఇది? జనం కల్తీ అని సదివి ఎల్లిపోతన్నారు!”

“మోడరన్ ఆర్టు బావా. మద్రాసులో రంగులు ఊరికే ఒలకబోసి గోడకి తగిలిత్తన్నారు. నాదలా కాదు, కల్యాణి రాగం.”

“మీ తాత బోర్డుకి లచ్మీదేవిని ఏసేవోడు కదా?”

“ఆ ఖాళీలో ఉంది. మనసెట్టి సూడు.”

పేపరుకి రోజూ వార్తలు పంపుకునే నాకు ఈ శాస్త్రం వినే ఓపిక లేదు. కాని ఒకనాడు మా ఎడిటర్ సాయంత్రం మెయిల్ బండికి దిగుతున్నానని తంతి ఇచ్చాడు. బోర్డు లేని గదిలో విలేఖరిని ఉంచనని మునుపే హెచ్చరించాడు. రేకు పట్టుకుని సుభాని కొట్టుకి పరిగెత్తాను. తాతబ్బాయికేమో జ్వరం.

“సన్నాయి లేకపోతే నా వల్ల కాదు బాబూ.”

“నా ఉద్యోగం పోతుందయ్యా!”

సుభాని వీధిలోకి అటూ ఇటూ చూసి తలుపు గడియ పెట్టాడు. పావుగంటలో ‘వార్తా కార్యాలయం’ అచ్చుపోసినట్టు వచ్చింది. మూలన, తాత పద్ధతిలో, చిన్న లక్ష్మి కూడా. ఇన్నేళ్ళు ఊరికంతా చెప్పిన అబద్ధం నా ఎదుట తడిగా మెరుస్తోంది.

అంతలో తలుపు చప్పుడైంది. “సుభానీ! నేను లేకపోతే నీ సెయ్యి ఆడదు కదరా. లేచి వచ్చేసేను.”

సుభాని కిరసనాయిల్ గుడ్డ అందుకుని బోర్డంతా ఒక్క తుడుపు తుడిచాడు. నేను నోరు తెరిచేలోగా గడియ తీశాడు. కంబళి కప్పుకుని, చంకలో సన్నాయితో తాతబ్బాయి నిలబడి ఉన్నాడు.

“పొద్దున్నించీ రాత్తన్నాను, సెరుపుతున్నాను మామా. నువ్వు లేక ఒక్క అచ్చరం కుదిరితే ఒట్టు. కూకో, అందుకో.”

సాయంత్రం ఎడిటర్ నా గది ముందు రిక్షా దిగాడు. బోర్డు మీద ‘వార్తా కార్యా’. తరవాత మూరెడు ఖాళీ. ఆ చివర ‘లయం’.

“కార్యం లయమైందా? ఏమిటయ్యా ఇది?”

“మోడరన్ ఆర్టండి.”

ఆయన తల పక్కకు వాల్చి చాలాసేపు చూశాడు.

“మరి ఈ ఖాళీ?”

“అక్కడ తాతబ్బాయి దగ్గాడండి.”

ఎడిటర్ పెట్టె లోపల పెట్టించి, కాఫీ తెప్పించమన్నాడు.