మా మేనత్తకు తప్పిపోయిన విమానం

ఈ ఉదయం పెనుకొండ నుంచి మా తమ్ముడు నా ఫోన్‌కు ఒక టికెట్ ఫోటో పంపించాడు. దసరా సెలవులకు పిల్లలను తీసుకుని ఉదయపూర్ పోతాడట. బెంగళూరులో ఎక్కి, హైదరాబాదులో దిగి, అక్కడ సగంపూట కూర్చుని, ముంబయికి పోయి, ఆడ ఇంకొకటి ఎక్కాలి. కింద "ఎట్లుండాదక్కా?" అని రాశాడు. వాడు కార్ల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. మా ఇళ్ళలో ఎవరు ఎక్కడికి పోవాలన్నా టికెట్లు వెతికే పని వాడిదే, ఎవరూ అప్పగించకపోయినా సరే. తిన్నగా పోయే విమానాన్ని వాడు అనుమానంగా చూస్తాడు. ఒక ప్రయాణాన్ని ముక్కలు చేసి, ఆ ముక్కలను తిరిగి కుట్టి, చూడు ఎంత చౌకగా వచ్చిందో అని చూపించడంలో వాడికొక ఆనందం. చేతిలో టీ చల్లారేదాకా నేను ఆ ఫోటోనే చూస్తూ కూర్చున్నాను. వాడు అలా కుట్టిన ఒక ప్రయాణం కుట్టు విడిపోయి, మా మేనత్తనూ నన్నూ కలకత్తాలో దించేసిన సంగతి గుర్తుకొచ్చింది.

మా నాయనకు ఒక్కతే చెల్లెలు. ధర్మవరంలో మగ్గం ఉన్న ఇంటికి ఇచ్చారు. మామ బతికున్నన్నాళ్ళూ ఇద్దరూ పట్టుచీరలు నేశారు. ఆయన పోయాక, మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చోవడానికి మోకాళ్ళు ఒప్పుకోక, అత్త ఇతరుల మగ్గాలకు పట్టుదారం కండెలు చుట్టిస్తూ ఉండేది. మాట తక్కువ, పట్టుదల ఎక్కువ. ఒక్కగానొక్క కూతురు, నాకు మరదలు, బెంగళూరులో ఉద్యోగం చేస్తూ అదే ఆఫీసులో పనిచేసే ఒక బెంగాలీ అబ్బాయిని పెళ్ళి చేసుకుంది. అత్త ఆ పెళ్ళికి పోలేదు. కూతురితో ఫోనులో మాట్లాడేది గానీ, అల్లుడు అనే మాట ఆమె నోట ఎన్నడూ రాలేదు. తప్పనిసరైతే "ఆయప్ప" అనేది. ఆయప్పకు సిల్చర్‌లో బ్యాంకు ఉద్యోగం వచ్చి వాళ్ళు అస్సాం వెళ్ళిపోయారు. అక్కడే ఆడబిడ్డ పుట్టింది. మనవరాలు నడిచింది, మాటలు నేర్చింది. అదంతా అత్త ఫోనులోనే చూసింది. ఒకరోజు ఉన్నట్టుండి హిందూపురంలో మా ఇంటికి వచ్చి, దసరాకు నీకు సెలవులే గదా, నన్ను ఆడికి పిలుచుకోని పో అంది. అప్పటికి నేనింకా స్కూల్లో పాఠాలు చెబుతున్నాను.

"పోదాం అత్తా" అన్నాను.

"ఒక మాట. నా బిడ్డను, బిడ్డ బిడ్డను చూసొస్తా. ఆయప్పతో మాట్లాడమని మాత్రం నన్ను అడగాకు."

నేను సరేనన్నాను. టికెట్ల పని తమ్ముడు అందుకున్నాడు. పెనుకొండలో వాడి ఇంట్లో అన్నాలు తిన్నాక, అత్తను పక్కన కూర్చోబెట్టుకుని ఫోనులో వరుసగా చూపించాడు. బెంగళూరు నుంచి కలకత్తాకు ఒక కంపెనీ విమానం. అక్కడి నుంచి సిల్చర్‌కు ఇంకొక కంపెనీది. ఒకటే టికెట్టుగా తీసుకుంటే ధర ఎక్కువ, విడివిడిగా తీసుకుంటే తక్కువ. "మధ్యలో మన సంచులు మనమే తీసుకోని మళ్ళా ఇయ్యాల. అంతే" అన్నాడు. అత్త అంతా విని, "గుంతకల్లులో బండి మారినట్లే గదబ్బా" అంది. అవునన్నాడు వాడు. బండి మారడమైతే తనకు కొత్త కాదన్నట్టు ఆమె తల ఊపింది.

బయలుదేరిన పొద్దున దేవనహళ్ళి విమానాశ్రయం దాకా వాన. విమానంలో కూర్చున్నాం గానీ అది కదలదు. ముందు వరుసలో ఎవరో విసుక్కుంటున్నారు. అత్త మాత్రం కాళ్ళు ఎటూ చాపుకోలేని ఆ సీటులో సర్దుకుని, "మగ్గం గుంతలో కూర్చున్నట్లే ఉండాది" అని కళ్ళు మూసుకుంది. కలకత్తాలో దిగి, సంచుల కోసం నిలబడి, అవి వచ్చాక రెండో కంపెనీ కౌంటరుకు మేం చేరేసరికి సిల్చర్ విమానం వెళ్ళిపోయింది. అక్కడున్న అమ్మాయి మర్యాదగానే చెప్పింది. మొదటి టికెట్టు వేరే కంపెనీది కాబట్టి వాళ్ళు చేయగలిగిందేమీ లేదు. దుర్గాపూజల రద్దీ, ఆ రోజుకూ మరుసటి రోజుకూ సీట్లు లేవు. తమ్ముడికి ఫోన్ చేస్తే, "గ్యాపు బాగానే పెట్టినా గదక్కా, వాన పడుతుందని నాకేం తెలుసు" అన్నాడు. లాడ్జీలు కూడా నిండిపోయి ఉన్నాయని వాడే వెతికి చెప్పాడు.

మరదలికి ఫోన్ చేశాను. "వదినా, మా అత్త, మా ఆయన తల్లి, కలకత్తాలోనే ఉంటాది. నేను చెప్తా, ఆమె వస్తాది. అమ్మను నువ్వే ఎట్లన్నా ఒప్పించల్ల" అంది.

అత్త ఒప్పుకోలేదు. "నేను వాళ్ళింటికి రాను. ఈడనే కూర్చుంటా. ఇమానం వచ్చినప్పుడు ఎక్కుదాం" అని, బయట కుర్చీల వరుసలో సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నాకు కోపం వచ్చింది, కానీ ఆ మోకాళ్ళను చూసి ఊరుకున్నాను.

సాయంత్రానికి మరదలి అత్త వచ్చింది. మా అత్త వయసే. పొట్టి మనిషి, జరీ లేని తెల్ల నూలుచీర, అంచు తడిసిపోయి ఉంది. చేతిలో గొడుగు. ఫోటోల్లో చూసి ఉంటుంది కాబోలు, నేరుగా మా దగ్గరకు వచ్చి, నమస్కారం పెట్టి, అత్త పక్క కుర్చీలో కూర్చుంది. రమ్మని అనలేదు, బతిమాలలేదు. సంచిలోంచి ఒక డబ్బా తీసి మూత తెరిచి మా ముందు పెట్టింది. అందులో కొబ్బరి ముక్కలు కలిపిన బొరుగులు. అత్త చూసింది. పొద్దున్నుంచి సరిగా తిన్నది లేదు. ఒక పిడికెడు తీసుకుని నోట్లో వేసుకుని, ఆవనూనె వాసనకు మొహం చిట్లించి, అయినా నమిలి, ఇంకో పిడికెడు తీసుకుంది.

చాలాసేపు ముగ్గురం అలాగే కూర్చున్నాం. చివరికి అత్త నా వైపు తిరిగి, "ఈమె ఎంతసేపు కూర్చుంటాదంట? అడుగు" అంది. నాకొచ్చిన స్కూలు హిందీలో అడిగాను. మీ అత్తగారు ఎంతసేపు కూర్చుంటే అంతసేపు, ఇంట్లో నాకోసం ఎదురుచూసేవాళ్ళు ఎవరూ లేరు, అందామె. ఆమె భర్త పోయి చాలా కాలమైందని నాకు మరదలు చెప్పి ఉంది. ఆ మాట తెలుగులో చెప్పాను. అత్త లేచి నిలబడింది.

"ఆమెకూ కాళ్ళనొప్పులుండాయేమో. తడిచీరతో ఎంతసేపని కూర్చోబెడతాము. లేయ్, పోదాం."

మూడో అంతస్తులో చిన్న ఇల్లు. కింద వీధిలో పూజ పందిరి, ఎడతెగని డప్పులు. మనకు దసరా అంటే నీసు ముట్టని తొమ్మిది రోజులు. వాళ్ళకు చేప లేకపోతే పండుగే కాదు. ఈ సంగతి నాకు తెలుసు గనుక వంటింట్లో ఏం ఎదురవుతుందోనని భయపడ్డాను. ఏమీ ఎదురుకాలేదు. అన్నం, పప్పు, గుమ్మడికాయ కూర, వంకాయ వేపుడు. మర్నాడు పక్కింటావిడ ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వడానికి వచ్చి, హిందీలో నాతో మాట కలిపింది. "పండుగకని కొన్న పెద్ద పులస చేపను ఈమె మొత్తంగా మాకు ఇచ్చేసింది, ఎందుకో చెప్పలేదు" అని నవ్వింది. నేను అత్తకు చెప్పకుండా ఉండాల్సింది. చెప్పేశాను.

"మన కోసరమని ఇంటికొచ్చిన చేపను ఇచ్చేసినాదా?" అంది అత్త. సాయంత్రం, "ఆమెను రేపు చేప తెచ్చుకోని వండుకోమను. నేను ముక్కు మూసుకుంటాలే" అంది. నేను హిందీలో చెబితే మరదలి అత్త తల అడ్డంగా ఊపింది. అలాగైతే టిఫిను నేను చేస్తానని అత్త మర్నాడు పొద్దునే వంటింట్లోకి దూరింది. ఉగ్గాని చేద్దామని ఆవిడ డబ్బాలోని బొరుగులను నీళ్ళలో పోసింది. మన బొరుగులు నానినా నిలబడతాయి. అవి మాత్రం పలచనివి, చూస్తుండగానే కరిగి గంజి అయిపోయాయి. అత్త గరిటెతో ఆ గంజిని అటూ ఇటూ కదిపి చూసింది. ఆవిడ వచ్చి చూసి, మొదట నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, తర్వాత నవ్వు దాచుకోలేకపోయింది. మా అత్త పగలబడి నవ్వడం మామ పోయాక నేను చూసింది అప్పుడే. దానికే పచ్చిమిరపకాయల తిరగమోత పెట్టి ముగ్గురం తిన్నాం. రుచి గురించి చెప్పను.

ఆ రోజే తమ్ముడు ఇంకో ప్రయాణం కుట్టి పంపాడు. మర్నాడు పొద్దున కలకత్తాలో ఎక్కి, గువాహటిలో దిగి, అక్కడ మళ్ళీ ఎక్కాలి. ఈసారి రెండూ ఒకటే టికెట్టు. నేను వాడితో మాట్లాడుతుంటే అత్త నా మోచేయి తాకింది.

"ఇంకొక సీటుండాదేమో అడుగు."

"ఎవరికత్తా?"

"ఎవరికేంది. మా వియ్యపురాలికి. కొడుకింటికి పోవల్లని ఉన్నా ఒక్కతే పోను భయమంట. నువ్వే చెప్తివి గదా నిన్న."

సీటు దొరికింది. గువాహటిలో ఎదురుచూసినంతసేపూ ఆ ఇద్దరూ, ఒకరి మాట ఒకరికి తెలియకపోయినా, ఒకరి మోకాళ్ళు ఒకరికి చూపించుకుంటూ మాట్లాడుకున్నారు. నన్ను అనువాదానికి పిలవలేదు.

సిల్చర్‌లో బయటికి వచ్చేసరికి మరదలు బిడ్డను ఎత్తుకుని నిలబడి ఉంది. ఆమె భర్త మాత్రం వెనకాల దూరంగా ఆగిపోయాడు. తల్లి వచ్చినా ముందుకు రాలేదు. దగ్గరకు వస్తే అత్త ఏమంటుందోనని కావచ్చు. అత్త కూతుర్ని పట్టుకుంది, మనవరాలి బుగ్గ తాకింది. బిడ్డ కొత్త మనిషిని చూసి మొహం తిప్పుకుంది. అప్పుడు అత్త తల ఎత్తి అతని వైపు చూసింది.

"ఆడనే నిలబడినావేంది నాయనా? మీ అమ్మ సంచి పట్టుకో, బరువుండాది" అంది అత్త.

అతనికి తెలుగు కొంచెం వచ్చు, భార్య నేర్పింది. పరుగున వచ్చి తల్లి సంచీ తీసుకున్నాడు, అత్త సంచీ తీసుకున్నాడు. రెండు చేతులూ నిండిపోయి కాళ్ళకు దండం పెట్టడానికి వీలుకాక అలాగే వంగి నిలబడ్డాడు.

ఆ సెలవుల్లో తర్వాత ఏమేం చూశామని ఎవరైనా అడిగితే నేను తడుముకుంటాను. తేయాకు తోటలు చూసినట్టు గుర్తు, ఏదో నది. ఆ ఏడాది ముందుగా అనుకుని, సెలవు పెట్టి, సిద్ధమై గడిపిన రోజులు ఎన్ని ఉన్నాయో, అవన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. మా ఎవరి లెక్కలోనూ లేని ఆ రెండు రోజులు మాత్రం, ఇన్నేళ్ళయినా, ఏ పూట ఏమైందో విడివిడిగా చెప్పగలను.