ఫ్రేములోంచి తప్పుకున్న మనిషి

వేసవి మొదలయ్యాక తిరువూరులో మామిడికాయల కొట్ల వైపు వెళితే ముందుగా ముక్కుకు తగిలేది పచ్చికాయ సొన వాసన. కాస్త ఘాటుగా, కాస్త పుల్లగా, ఎండుగడ్డి వాసనతో కలిసి వస్తుంది. నిన్న ఆ దారిన వెళుతుంటే నా కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో అక్కడ ఒక కొట్టు మీది గదిలో నెట్ సెంటర్ ఉండేది. కింద కాయలు గడ్డిలో మగ్గుతుంటే పైన మేము కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ళం. ఆ వాసన పీల్చగానే నా కళ్ళ ముందు నాతో చదివిన సుగుణ గారు పంపిన గోదావరి ఫొటో కదులుతుంది. ముందు ఆకాశం, తరువాత అవతలి గట్టు, ఎంతోసేపటికి నీళ్ళు. అప్పట్లో ఫొటో ఒక్కసారిగా కనిపించేది కాదు. పైనుంచి కిందికి, గీత వెనుక గీతగా, నిద్రలో ఏదో గుర్తుకు వస్తున్నట్టు నెమ్మదిగా దిగేది.

నేనప్పుడు దూరవిద్యలో ఫొటోగ్రఫీ డిప్లొమా చదువుతున్నాను. హైస్కూల్లో లెక్కలు చెప్పే నాన్న, ఆ తరువాత బి.ఎడ్. చెయ్యాలన్న షరతు మీద ఒప్పుకున్నారు. పుస్తకాలు పోస్టులో వచ్చేవి. సందేహం వస్తే అడగడానికి ఊళ్ళో నాతో చదివేవాళ్ళు ఎవరూ లేరు. అలాంటి సమయంలో మా కోర్సు విద్యార్థులే కొందరు ఇంటర్నెట్లో ఒక గ్రూపు పెట్టారు. ఆదోని కుర్రాడొకడు, పార్వతీపురం నుంచి ఒక నర్సు, కరీంనగర్ నుంచి ఇద్దరు అన్నదమ్ములు. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునేవాళ్ళం. విజయవాడ ల్యాబులో రీలు కడిగించి, సీడీ చేయించుకుని వచ్చి, అందులోని ఫొటోలు గ్రూపులో పెట్టేదాన్ని. వాళ్ళలో ఒక్కరి ముఖమూ నాకు తెలియదు. అయినా ఆదోనిలో ఏ కిటికీలోకి ఎండ ఎప్పుడు వస్తుందో తెలుసు, పార్వతీపురంలో వాన వెలిసాక కొండ ఏ రంగులో ఉంటుందో తెలుసు. విజయవాడ దాటి నేను పెద్దగా తిరిగింది లేదు కానీ, ఆ ఏడాదంతా ఎన్నో ఊళ్ళలో ఒకేసారి బతుకుతున్నట్టుండేది.

వాళ్ళందరిలో పెద్దావిడ సుగుణ గారు. రాజమండ్రిలో టెలిఫోన్ ఆపరేటరుగా చేసి, ముందుగానే ఉద్యోగం మానేసి, యాభై దాటాక మాతో పాటు కోర్సులో చేరారు. నేను మొదట్లో "మేడమ్" అని రాస్తే, "మేడమేంటమ్మా, నీతో పాటు పరీక్ష రాసేదాన్ని" అని జవాబిచ్చారు. తన గురించి ఒకసారి ఇలా రాశారు: "ఇన్నేళ్ళూ ముఖాలు చూడకుండా గొంతులు విన్నాను. ఇప్పుడు గొంతులు వినకుండా ముఖాలు చూస్తున్నాను. రెండిట్లోనూ మనుషులు దొరికిపోతారు." ఎవరు ఏ ఫొటో పెట్టినా ఆవిడ వెంటనే ఏమీ అనేవారు కాదు. రెండు రోజులు ఊరుకుని ఒక్క మాట రాసేవారు. ఆ మాట కోసం నేను నెట్ సెంటర్ మెట్లు ఎక్కేదాన్ని.

ఒకసారి మా ఇంటి ఫొటోలు వరసగా పెట్టాను. సగం వేసిన ముగ్గు, గుమ్మంలో ఎండ, పొయ్యి మీది ఆవిరి. అందరూ బాగున్నాయన్నారు. సుగుణ గారు మాత్రం ఇలా అడిగారు: "అమ్మాయ్, నీ ఫొటోల్లో ఎవరో ఎప్పుడూ ఫ్రేములోంచి తప్పుకుంటున్నారు. ఇక్కడ చీర కొంగు, అక్కడ గాజుల చెయ్యి, ఇంకోచోట నీడ. ఎవరావిడ?"

ఆవిడ మా అమ్మ. నా చిన్నతనంలోనే అమ్మకు ముఖం మీద, చేతుల మీద తెల్లమచ్చలు వచ్చాయి. పెళ్ళిళ్ళలో అందరూ ఫొటోకు నిలబడేసరికి వంటింట్లో ఏదో పని ఉందంటూ వెళ్ళిపోయేది. నేను కెమెరా తీస్తే ఆ గదిలోంచి లేచిపోయేది. దానికి మేమంతా ఎంతగా అలవాటు పడ్డామంటే, అమ్మ లేకపోవడం నా కంటికి కూడా ఆనలేదు. ఎక్కడో రాజమండ్రిలో ఉన్న మనిషికి కనిపించింది. అదంతా రాశాను. కోర్సు చివర్లో ఇంటి మనుషుల ఫొటోలు పంపాలని, అమ్మ లేకుండా ఎలా పంపనని కూడా రాశాను. "ఒకసారి మీ ఊరొస్తానమ్మా" అన్నారు.

అన్నట్టే ఆ వేసవిలో బస్సు దిగారు. పొట్టిగా, నలుపు తెలుపు జుట్టుతో, భుజాన గుడ్డసంచితో. అమ్మ భోజనం వడ్డించి, ఎప్పట్లాగే లోపలికి వెళ్ళిపోయింది. సుగుణ గారు చెయ్యి కడుక్కుని తిన్నగా వంటింట్లోకి వెళ్ళి, ఆవకాయ ముక్కలు తుడుస్తున్న అమ్మ పక్కన పీట వేసుకున్నారు. తనూ ఒక గుడ్డ తీసుకుని తుడవడం మొదలుపెట్టారు. కాసేపయ్యాక నా కెమెరా అమ్మకు అందించారు.

"నన్నొక ఫొటో తియ్యండి."

"అయ్యో, నాకేం వచ్చు అక్కయ్యగారూ! చేతులు కూడా బాగాలేవు."

"మసిగుడ్డకి తుడుచుకోండి. అందులోంచి చూసి, నచ్చినప్పుడు నొక్కండి. అంతే."

అమ్మ కెమెరా కంటికి పెట్టుకుంది. చాలాసేపు దించలేదు. "ఎంత దగ్గరగా ఉన్నారండీ!" అంది ఆశ్చర్యంగా. తరువాత, ఎవరికీ ఎప్పుడూ పని చెప్పని మా అమ్మ, "కొంచెం ఇటు తిరగండి... ఆఁ, అక్కడే" అంది. నొక్కింది. నొక్కి నవ్వింది.

సుగుణ గారు బదులుగా అమ్మ ఫొటో అడగలేదు. సాయంత్రం బస్టాండులో నాకు ఉక్రోషం ఆగలేదు.

"ఇంత దూరం వచ్చి అడక్కుండా వెళ్ళిపోతున్నారేంటండీ?"

"ఇన్నాళ్ళూ ఆవిడకి కెమెరా అవతలి వైపే తెలుసమ్మా. ఇవాళ ఇవతలి వైపు కూర్చుంది. ఇంక తొందరపెట్టకు" అని బస్సెక్కారు.

కొన్నాళ్ళు గడిచాయి. ఒక ఉదయం నేను పెరట్లో ఉంటే అమ్మ తలస్నానం చేసి, తడి జుట్టుతో వచ్చి నిలబడింది. ఎప్పుడూ రాసుకునే పౌడరు ఆరోజు రాసుకోలేదు.

"నాదొకటి తియ్యవే" అంది.

ఆ ఫొటో గ్రూపులో పెట్టమంటావా అని అడిగితే అమ్మ ఆలోచనలో పడింది. "ముందు నేను చూడాలి" అంది. విజయవాడలో రీలు కడిగించి సీడీ తెచ్చాక ఇద్దరం నెట్ సెంటర్‌కు వెళ్ళాం. "ఇందులోనే చూస్తాలే, పెట్టు" అంది అమ్మ. పెట్టాను. తెర మీద అమ్మ మెల్లగా దిగసాగింది. ముందు జామకొమ్మలు, తరువాత తడి పాపిడి, నుదురు. కనురెప్పల దగ్గర తెలుపు కనిపించగానే అమ్మ చెయ్యి కొంగు మీదికి వెళ్ళింది. అక్కడే ఆగింది. పెదాలు వచ్చాయి, మెడ వచ్చింది. అమ్మ రెప్ప వెయ్యకుండా చూసింది. మేము కూర్చుని ఉండగానే ఆదోని కుర్రాడు అడిగాడు: "ఈవిడ ఎవరిని చూసి నవ్వుతున్నారు?"

చదివి వినిపించాను. "నిన్ను చూసే బాబూ, అని రాయి" అంది అమ్మ.

రెండు రోజులకు సుగుణ గారి మాట వచ్చింది: "ఎడమవైపు చోటు ఎక్కువైంది. జామకొమ్మ అడ్డం." ఆ మాటకు నేను చిన్నబుచ్చుకున్నాను. అమ్మకు చెబితే మాత్రం ఫకాలున నవ్వి, "నిజమే కదే" అంది. అమ్మను జాలిపడి చూడాల్సిన మనిషిగా కాక, అందరి ఫొటోల్లాంటి ఒక ఫొటోలోని మనిషిగా చూసిన మొదటి మాట అదేనని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

కోర్సు పూర్తయింది. అందరం ఎవరి పనుల్లో వాళ్ళం పడ్డాం. గ్రూపు పలచబడి, ఒకరోజు ఆ సైటే మూతపడింది. అందులోని కొండలూ కిటికీలూ గోదావరీ ఎటు పోయాయో తెలియదు. సుగుణ గారు, అమ్మ మాత్రం ఫోన్లో మాట్లాడుకునేవారు. మరికొన్నేళ్ళకు ఆవిడ పోయారని వాళ్ళ మేనల్లుడు కబురు చేశాడు. ఇద్దరం రాజమండ్రి వెళ్ళాం. ముందుగదిలో దండ వేసిన ఫొటో అమ్మ తీసినదే. కొంచెం పక్కకు ఒరిగి, మా వంటింటి గోడ వెనకగా. ఆవిడే ఫ్రేము కట్టించుకున్నారట. అమ్మ దాని ముందు నిలబడి చాలాసేపు చూసి, "ఇంకొకటి తీసుండాల్సిందే" అంది.

నేను బి.ఎడ్. చెయ్యలేదు. విస్సన్నపేట, తిరువూరు చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు ఫొటోలు తీస్తాను. కుటుంబమంతా మండపం మీద సర్దుకున్నాక, "ఇంక తియ్యండి, అందరూ వచ్చేశారు" అంటారు. నేను వెంటనే తియ్యను. కెమెరా దించి, వంటశాల వైపు, తలుపుల వెనక, చివరి వరస కుర్చీల వైపు ఒకసారి చూస్తాను. చాలాసార్లు అక్కడ ఎవరో ఒకరు ఉంటారు. పని ఉన్నట్టు నటిస్తుంటారు. నేను పిలవను. వెళ్ళి కాసేపు పక్కన కూర్చుంటాను. మండపం మీద వాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనిస్తాను.