అవతలి ఒడ్డున పడ్డ ఇల్లు

మా పాటవాసిలో ఊరి పని ఎగ్గొట్టడంలో గ్రిమాల్దో తింటయను మించినవాడు లేడు. దారి బాగుచేయాలన్నా, బడికి గోడ లేపాలన్నా, కాలువ పూడిక తీయాలన్నా ఇంటికొక మనిషి పార పట్టుకుని రావాల్సిందే. రానివాడికి జరిమానా. పని ఎవరికీ ఇష్టం ఉండదు. నాకూ ఉండదు, ఆ రోజు అందరికీ మొక్కజొన్న కల్లు కాచేది నేనే కనుక. కాని ఇష్టం లేకపోవడం వేరు, గ్రిమాల్దో వేరు.

పని ఉన్న రోజు తెల్లవారగానే మా ఆయన అన్‌సెల్మో ఊరి పక్కన బండరాయి ఎక్కి కొమ్ము ఊది ఇంటింటి పేరూ పెట్టి పిలుస్తాడు. ఎవరింట్లోంచి వాళ్ళు "వస్తున్నా" అంటారు. గ్రిమాల్దో పేరు రాగానే మాత్రం అందరం చెవులు రిక్కించేవాళ్ళం.

"గ్రిమాల్దో తింటయా!"

"నడుం పట్టేసింది!"

"పోయినసారీ నడుమేగా అన్నా?"

"అదే నడుంరా! కొత్తది ఎక్కణ్ణించి తెమ్మంటావు?"

లోయంతా నవ్వేది. గ్రిమాల్దో మా ఆయనకి పెదనాన్న వరస ఆయన కొడుకు, నాకు బావ. భార్య బెనెదిక్త పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. ఏటి ఒడ్డున ఒక గది ఇల్లు, దుంపలు పండే చిన్న నేల చెక్క, ఒక కుక్క. చివరికి మధ్యాహ్నం కల్లు వేళకి పార భుజాన వేసుకుని కుంటుకుంటూ దిగేవాడు. వచ్చేటప్పుడు కుడికాలు కుంటితే పోయేటప్పుడు ఎడమకాలు కుంటేది. నేను తిట్టేదాన్ని. తిడుతూనే ముంత నింపేదాన్ని.

మా సోరాబాంబ మునిసిపాలిటీలో కింద, మొక్కజొన్న పండే చోట, అసలు ఊరు ఉంటుంది. చర్చి, మేయరు కూర్చునే మేడ, సంత అన్నీ అక్కడే. మొక్కజొన్న చలికి మాడిపోయేంత పైకి వస్తే శివారు పల్లెలు. ఏటికి ఇవతల మేము, అవతల చిరిమాయు వాళ్ళు. ఇంకా పైన గడ్డి తప్ప ఏదీ మొలవని చోట ఉన్ని కోసం అల్పాకాలు కాసుకునేవాళ్ళు. మాకూ చిరిమాయుకీ మధ్య సరిహద్దు రాయీ కాదు, కంచే కాదు. ఏటి నడిమి నీళ్ళు. రెండువైపుల తాతలూ నీళ్ళలో దిగి, ఒకరికొకరు నమలడానికి కోకా ఆకు ఇచ్చుకుని ఒప్పుకున్న మాట అది.

ఆ ఏడు కార్నివాల్ పండగ ముందు వానలకి పై కొండ విరిగి బురద దిగింది. ఎవరూ పోలేదు, దేవుడి దయ. కాని తెల్లారి చూస్తే ఏరు ఉన్న చోట లేదు. పాత దారి రాళ్ళతో పూడిపోయి, నీళ్ళు గ్రిమాల్దో ఇంటి ఇవతలి పక్క నుంచి కొత్తగా కోసుకుని పోతున్నాయి. ఆయన ఇల్లు అంగుళం కదల్లేదు. అయినా అవతలి ఒడ్డున పడింది. వాకిట్లో నిలబడి మావైపు చూస్తూ, "ఇదేంట్రా, మీరంతా అటెళ్ళిపోయారు!" అని అరిచాడు. మేం పడీపడీ నవ్వాం.

కాస్త కింద, పెద్ద మలుపు దగ్గర, అదే ఏరు అటువైపు జరిగింది. అక్కడి పచ్చిక బయలు మొన్నటిదాకా చిరిమాయు వాళ్ళది. ఇప్పుడు మా ఒడ్డున ఉంది. ఆ గడ్డి చూసిన మావాళ్ళ కళ్ళు నేను చూశాను.

వానలు తగ్గాక దారి పని వచ్చింది. మా ఆయన బండెక్కాడు. ఒక్కొక్క పేరూ పిలుస్తూ గ్రిమాల్దో పేరు దగ్గరికొచ్చి, దాన్ని దాటేసి తరవాతి ఇంటి పేరు పిలిచాడు. నేను కట్టెలు ఎగదోస్తున్నదాన్ని ఆగిపోయాను. కాసేపటికి అవతలి ఒడ్డు నుంచి గొంతు వినపడింది.

"నాకు మోకాలు నొప్పి!"

మా ఆయన అటు తిరగకుండా ఇంకో ఇంటి పేరు పిలిచాడు.

"ఒరే అన్‌సెల్మో, వినపడిందా? మోకాలు!"

మా ఆయన గబగబా మిగతా పేర్లు పిలిచేసి దిగాడు. ఇంటికొచ్చాక నేను ఊరుకోలేదు.

"నోటికేమన్నా అడ్డుపడిందా? అన్న పేరు ఎందుకు మింగావు?"

"పెద్ద పిలవద్దన్నాడే. నన్నేం చెయ్యమంటావు?"

పెద్ద అంటే మా శివారు పెద్ద ఎవారిస్తో. చెడ్డవాడు కాదు, లెక్కలెక్కువ. ఆయన లెక్క ఇది. సరిహద్దు ఏటి నీళ్ళే అన్నంత కాలం కింది పచ్చిక మనది. ఏటి అవతలున్న గ్రిమాల్దోని మనవాడని పిలిచామా, సరిహద్దు పాత చోటే ఉందని మనమే ఒప్పుకున్నట్టు. మరునాడే చిరిమాయు వాళ్ళు పచ్చిక అడుగుతారు. మేత కోసం ఒక మనిషిని వదులుకుందామని ఎవరూ నోటితో అనలేదు. నోరు మూసుకుని ఊరుకున్నారంతే. అందుకు నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

చిరిమాయు వాళ్ళు మాత్రం చేర్చుకున్నారా? వాళ్ళ పనికి గ్రిమాల్దో తనంతట తాను పార పట్టుకుని వెళ్ళాడట. పుట్టి బుద్ధెరిగాక పిలవని పనికి వెళ్ళడం అదే మొదలు. వాళ్ళ పెద్దాయన మర్యాదగా గట్టు మీద కూర్చోబెట్టి సూపు పోసి, "మీరు మా చుట్టం. చుట్టం చేత పని చేయిస్తామా?" అన్నాడట. చేతిలో పార తీసి పక్కన పెట్టేశారట. సాయంత్రం ఏటి దగ్గర బట్టలు ఉతుకుతుంటే అవతలి నుంచి నాకీ మాట చెప్పాడు.

"సూపులో మాంసం ముక్క కూడా వేశారు మరదలా."

"మంచిదేగా బావా. పని లేదు, మాంసం ఉంది. నువ్వు కోరుకున్న సుఖం."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "మా నాన్న పేరు అక్కడ ఒక్కడికీ తెలీదు" అన్నాడు.

కింద ఊరికి, మునిసిపాలిటీకి కూడా వెళ్ళాడు. అక్కడి గుమాస్తా గోడ మీది పటం చూపించాడట. పటంలో ఏరు నీలి గీత, ఇంకా పాత చోటే ఉంది. పటం ప్రకారం ఆయన మావాడే. ఎగురుకుంటూ వచ్చి ఎవారిస్తోని పట్టుకున్నాడు.

"చూడు పెద్దా, సర్కారువారి పటంలో నేను పాటవాసిలోనే ఉన్నాను!"

"పటం వచ్చి కాలువ తవ్వుతుందా గ్రిమాల్దో?" అన్నాడు ఎవారిస్తో. "కొలిచేవాళ్ళు వస్తారులే. వాళ్ళు చెప్పిందాకా ఆగు."

కొలిచేవాళ్ళు ఇవాళ్టిదాకా రాలేదు.

అప్పటినుంచి ఆ మనిషి నలగడం చూశాను. ఊరి పండగకి ప్రతి శివారూ తన శిలువ మోసుకుని దిగి, చర్చి ముందు తన వైపు కూర్చుంటుంది. గ్రిమాల్దో మెట్ల పక్కన, గిన్నెలు అమ్ముకునే పరాయివాళ్ళ మధ్య టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. రమ్మని చెయ్యి ఊపాను. ఆయన ఎవారిస్తో వంక చూసి తల అడ్డంగా తిప్పాడు. చెయ్యి ఊపితే ఏం, లేచి వెళ్ళి పక్కన కూర్చోలేదు కదా నేను. పని ఉన్న ప్రతి పొద్దునా ఆయన వాకిట్లో నిలబడేవాడు. కొమ్ము మోగేది, పేర్లు సాగేవి, ఆయన పేరు రాకుండానే పిలుపు అయిపోయేది. మొదట్లో ఏదో ఒక నొప్పి అరిచేవాడు. తరవాత అదీ మానేశాడు. కుక్కతో మాట్లాడుకునేవాడు, అది మాత్రం గాలి ఇటు వీచినప్పుడు వినపడేది.

ఆగస్టు వచ్చింది. కాలువ పూడిక తీసే రోజు. మాకు అన్నిటికన్నా పెద్ద పండగ అదే. తూము దగ్గరనుంచి చివరి చెక్కదాకా కాలువలో ఇంటికొక వంతు. గ్రిమాల్దో వంతు నల్లబండ కింది మలుపు, వాళ్ళ తాతనుంచి వస్తున్నది. నీళ్ళు ఎలాగూ కొత్త ఏరు దాటి ఆయన చెక్కకి పోవు. ఆ వంతు పక్కవాళ్ళు చూసుకుంటారులే అన్నాడు ఎవారిస్తో. ఎగువవాడు దిగువవాడు చూస్తాడనుకున్నాడు, దిగువవాడు ఎగువవాడు చూస్తాడనుకున్నాడు. మధ్యాహ్నానికి అందరూ తమ తమ వంతులు ముగించి, డోళ్ళు కొట్టి, పూలు చల్లి తూము ఎత్తారు. నీళ్ళు నురగలు కక్కుతూ వచ్చి నల్లబండ దగ్గర ఆగిపోయాయి. అక్కడ ఏడాది బురద, గడ్డి, బండరాళ్ళు అలాగే ఉన్నాయి. నీళ్ళు గట్టు పొర్లి దారి మీదికి, నా కల్లు కుండల మీదికి వచ్చాయి.

డోళ్ళు ఆగిపోయాయి. అందరూ ఆ బురద వంక చూస్తున్నారు, ఎవరూ దిగరు. మాలో ఇంకొకరి వంతులో పార వేసేది ఆ ఇంట్లో చావు అయితేనే. నేను కుండలు పక్కకి లాక్కుంటూ గట్టిగానే అన్నాను, "ఈ వంతు ఎవరిదో అందరికీ తెలుసు. పిలవండి మరి! లేకపోతే గడ్డి తిని బతకండి!"

ఎవారిస్తో నేల చూపులు చూశాడు. పిలవమనీ అనలేదు, వద్దనీ అనలేదు. మా ఆయన కొమ్ము తీసుకుని బండెక్కాడు.

"గ్రిమాల్దో తింటయా!"

ఇంకోసారి, ఇంకా గట్టిగా పిలిచాడు. అప్పుడు అవతలి ఒడ్డున, ఇంటి లోపలినుంచి సన్నగా వినపడింది.

"నడుం పట్టేసింది!"

గుట్ట గుట్టంతా నవ్వు. ఎన్ని నెలలైంది అలా నవ్వి. పెద్దవాళ్ళు మోకాళ్ళు చరుచుకుంటున్నారు. ఇక ఇప్పుడొస్తాడు కుంటుకుంటూ అని చూశాం. రాలేదు. నవ్వు ఆగింది. కుక్క ఒక్కటే అరుస్తోంది.

ఎవారిస్తో, నేను ఏటికి అడ్డంగా వేసిన దుంగల మీదుగా దాటి వెళ్ళాం. పొయ్యిలో బూడిద చల్లగా ఉంది. గ్రిమాల్దో గొర్రెతోళ్ళ మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు, పెదాలు ఎండిపోయి, అంగుళం కదల్లేకుండా. ఆ పొద్దున చీకట్లోనే ఏటి రాళ్ళ మీద జారిపడి, పాక్కుంటూ ఇల్లు చేరాడట. అప్పటినుంచీ అంతే. పార పక్కనే ఉంది, పిడికి ఏటి మట్టి.

నీళ్ళు తాగించాను. ఏడుపు ఆపుకోడానికి తిట్టాను. "పార పట్టుకుని ఏటికెందుకెళ్ళావు?"

"కుక్కని కొడదామని."

"కుక్కని పారతోనా! నీకు చుక్క నీరు రాని కాలువ తవ్వడానికేగా?"

ఆయన కప్పు వైపు చూస్తూ అడిగాడు, "అన్‌సెల్మో నా పేరే కదా పిలిచింది? రెండుసార్లు?"

ఎవారిస్తో తలుపు దగ్గర టోపీ నలుపుతూ నిలబడ్డాడు. అలాగే గొణిగాడు, "పూడిక తీతకి రాలేదు. జరిమానా."

"ఏవిటీ?"

"జరిమానా అన్నాను. వచ్చే ఏడు రెండు వంతులు తవ్వాలి."

పరాయి శివారు మనిషికి జరిమానా వేసే హక్కు మాకు లేదు. అది ముగ్గురికీ తెలుసు. గ్రిమాల్దో కళ్ళు మెరిశాయి.

"ఇక్కడ నా చెవిలో అంటే ఎలా పెద్దా? బయటికెళ్ళి అను. చిరిమాయు వాళ్ళకి వినపడాలి."

ఎవారిస్తో నా వంక చూశాడు. నేను కనికరించలేదు. బయట వాలు మీద చిరిమాయు వాళ్ళు చెక్కలు దున్నుతున్నారు. నోరు విప్పితే పచ్చిక పోతుంది. ఎవారిస్తో వాకిట్లోకి వెళ్ళి కింది పచ్చిక వంక ఒకసారి చూశాడు. తరవాత రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని అరిచాడు.

"పాటవాసి గ్రిమాల్దో తింటయకి జరిమానా! రెండు వంతులు!"

వాలు మీద వాళ్ళు పని ఆపి తలెత్తి చూశారు. ఇటువైపు, కాలువ గట్టు మీద మావాళ్ళూ లేచి నిలబడ్డారు. లోపల గ్రిమాల్దో కన్నీళ్ళు చెవుల్లోకి కారుతుంటే తుడుచుకోకుండా అరవడం మొదలుపెట్టాడు.

"ఒక్క రోజుకి రెండు వంతులా? అన్యాయం! నాకు నడుం నొప్పని అందరికీ తెలుసు!"