ఎర్రది రెండు పూటల

ఉద్యోగ విరమణకు ఇంకా నాలుగేళ్లు ఉన్నాయనగా నన్ను వరంగల్‌లోని ఒక ప్రభుత్వ దవాఖానకు బదిలీ చేశారు. దాని పేరు ఇక్కడ అనవసరం. హోదా ఫార్మసిస్టు, గ్రేడ్ వన్. నేను చెప్పబోయేది చేరిన మరుసటి ఏడు, ఎనుమాముల మార్కెట్‌కు కొత్త మిర్చి రావడం మొదలైన రోజుల్లో జరిగింది.

మా పని తెలియనివారికి రెండు మాటలు. డాక్టరు ఓపీ చీటీ మీద మందు రాస్తారు. ఆ చీటీ మా కిటికీ దగ్గరికి వస్తుంది. నెలకు సరిపడా గోళీలు ఇచ్చి, ఏది ఎప్పుడు వేసుకోవాలో చెప్పి పంపాలి. కిటికీ వెనక ఇంకో పని ఉంటుంది. కావాల్సిన మందులు రాసి జిల్లా మందుల గోదాముకు ఇండెంటు పెట్టాలి, వచ్చిన పెట్టెలను బ్యాచ్ నంబరు, గడువు తేదీ చూసి స్టాకు రిజిస్టరులో ఎక్కించాలి, గడువు దగ్గరపడ్డవాటిని ముందు వాడెయ్యాలి. ప్రభుత్వ సరఫరా టెండరు మీద నడుస్తుంది. టెండరు మారితే కంపెనీ మారుతుంది. కంపెనీ మారితే అదే మందు వేరే రంగులో, వేరే సైజులో వస్తుంది. మందులో తేడా ఉండదు, రూపంలోనే తేడా. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది.

ఇక నా పిచ్చి గురించి. చిన్నప్పటి నుంచి నాకు వస్తువుల రూపం మీద కన్ను. అగ్గిపెట్టె మీది బొమ్మ, సబ్బు కాగితం అంచు, పత్రిక పేరులో అక్షరాల వంపు, ఏది చూసినా ఎవరో ఒకరు కూర్చుని ఆలోచించి ఇట్లా పెట్టారు కదా అనిపించేది. సినిమాకు పోతే కథ కంటే తెర మీద పేరు రాసిన తీరే ఎక్కువ చూసేవాణ్ని. టికెట్టు దండగ, బయట పోస్టరు చూసి వస్తే సరిపోయేది కదా అని మా ఆవిడ ఎద్దేవా చేసేది. బీరువాలో ఒక అర నిండా ఖాళీ మందుల స్ట్రిప్పులు, అట్టపెట్టెల మూతలు దాచాను. ఇంట్లోవాళ్లు దాన్ని చెత్త అనేవారు.

ఈ పిచ్చి ఉద్యోగంలో పనికొచ్చిందనే అనుకున్నాను. మా కిటికీకి వచ్చేవారిలో చాలామందికి చదువు రాదు. అట్లాగని వాళ్లకు ఏదీ తెలియదనుకుంటే పొరపాటే. బీడీ కట్ట బొమ్మను బట్టి, సబ్బు రంగును బట్టి, ఓటు గుర్తును బట్టి అన్నీ ఆనవాలు పడతారు. అందుకని నేను చీటీ మీద రాసి ఇవ్వడం తగ్గించి రంగుతో చెప్పడం మొదలుపెట్టాను. “ఎర్రది రెండు పూటల, తిన్నా తినకున్నా. పసుపుది పొద్దుగాల ఒక్కటే, తిండికంటె ముందుగాల.” అంతే. ఒకసారి చెబితే మరిచేవారు కాదు. పక్క కిటికీలో పనిచేసే విజయకూ ఇదే నేర్పాను. నా పద్ధతి అని కొంత గర్వం ఉండేది. దాచడమెందుకు, చాలా గర్వం ఉండేది.

సారమ్మ వర్ధన్నపేట అవతల ఒక పల్లె నుంచి నెలనెలా బస్సులో వచ్చేది. భర్త కొమురయ్యకు బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. ఎర్రది బీపీకి, పసుపుది షుగరుకు. నేను చెప్పింది ఒక్కసారి విని, పిల్లలు ఎక్కం అప్పజెప్పినట్టు తిరిగి అప్పజెప్పింది. సీజనులో ఆమె ఎనుమాముల యార్డులో తాలు ఏరే పనికి పోయేది. తాలు అంటే రంగు వెలిసి తెల్లబారిన మిర్చికాయ. పొద్దంతా రాశి ముందు కూర్చుని ఎర్రకాయలోంచి దాన్ని వేరు చేయాలి. కొమురయ్య సరదా మనిషి. ఒకసారి తనూ వచ్చి కిటికీలోకి వంగి, “మా ఆమెవి డేగ కండ్లు సారూ. సాటుకు చాయ్‌ల ఇంత చక్కెర ఏసుకున్నా దొరకవడ్త” అన్నాడు. లైనులో వాళ్లంతా నవ్వారు. సారమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, “సిగ్గులేదు ఈ మనిషికి” అంది.

ఒకనాడు కొత్త టెండరు సరుకు విప్పాం. పెట్టె తెరవగానే నా కన్ను స్ట్రిప్పు మీద పడింది. షుగరు గోళి పసుపు పోయి ఇటుక ఎరుపులో వచ్చింది, నడుమ సన్నటి గీత. వెనక రేకు మీద అక్షరాలు ఒద్దికగా కుదిరాయి. బీపీ గోళి తెల్లగా వచ్చింది. ఎంత ముద్దుగా చేశారో చూడమని విజయకు చూపించాను కూడా. ఆమె స్ట్రిప్పును అటూ ఇటూ తిప్పి, “రంగులు మారినయ్ కద సార్. పాతయి, కొత్తయి అట్ట మీద అతికిచ్చి కిటికీకాడ పెడుదమా?” అంది. లైను గేటు దాకా ఉంది. రేపు చూద్దాంలే అన్నాను. ఖాళీ అయిన మొదటి స్ట్రిప్పు నా కోసం పక్కన పెట్టమని మాత్రం మరిచిపోకుండా చెప్పాను.

సారమ్మ ఆ పూటే వచ్చింది. గోళీలు కత్తిరించి ఆమె సంచిలో వేశాను. ఆమె సంచిలోకి చూసి, “పసుపుయి లేవా సారూ?” అని అడిగింది. నేను తల ఎత్తలేదు. “కంపెనీ మారిందమ్మ, మందు అదే. ఎప్పటిలెక్కనే ఎయ్యి” అన్నాను. ఆమె ఏమనుకుంటుంది? ఎర్రది ఎర్రదే, పసుపుదాని బదులు తెల్లది వచ్చింది అనుకుంది. ఆ మాట విన్న ఎవరైనా అదే అనుకుంటారు.

పది రోజులకు కొమురయ్యను ఆటోలో వేసుకుని వచ్చారు. పొద్దున లేపితే లేవలేదట. షుగరు గోళి రోజుకు ఒక్కటి పడాల్సింది, రెండు పూటలా పడింది. ముందురోజు జ్వరం వచ్చి రాత్రి అన్నం ముట్టలేదు. గోళి మాత్రం సారమ్మ వేసింది. ఎర్రది తిన్నా తినకున్నా వేయాలని నేర్పింది నేనే కదా. ఒంట్లో చక్కెర అడుగంటి నిద్రలోనే స్పృహ పోయింది. వెంటనే గ్లూకోజు ఎక్కించారు గానీ అప్పటికే ఆలస్యమైంది.

వార్డు నుంచి అత్యవసర ఇండెంటు వస్తే మందు పట్టుకుని నేనే వెళ్లాను. వాళ్ల బిడ్డ రజిత అక్కడే ఉంది. వర్ధన్నపేటలో కాపురం. ఇంట్లో వేస్తున్న మందులు చూపించమని డ్యూటీ డాక్టరు అంటే సంచి తెచ్చి మంచం మీద బోర్లించింది. ఎర్ర స్ట్రిప్పులు ఉండాల్సిన దానికి రెండింతలు ఖాళీ, తెల్లవి సగమే ఖాళీ. మందులు తారుమారు చేశారు కదమ్మా అన్నాడు డాక్టరు. రజిత తల్లి మీదికి తిరిగింది.

“నీకు తెల్వకపోతె ఎవలనన్న అడుగరాదె అవ్వా! నీ చేతులతోనె బాపును చంపుకుంటాన్నవు కదనె!”

“ఎర్రదే ఏసిన బిడ్డా. ఒట్టు, ఎర్రదే ఏసిన” అంటూ సారమ్మ ఆ స్ట్రిప్పును చేతిలో పట్టుకుని అందరికీ చూపిస్తోంది. నేను గోడ పక్కన నిలబడి ఉన్నాను. ఆ స్ట్రిప్పు చూడగానే నాకు అంతా తెలిసిపోయింది. ఒక్క మాట అనాల్సింది. ఇండెంటు మీద నర్సు సంతకం తీసుకుని కిందికి వచ్చేశాను.

నాలుగో రోజు కొమురయ్య పోయాడు. సూపరింటెండెంటు నన్ను రాతపూర్వకంగా సంజాయిషీ అడిగారు. నేను రాసిచ్చిన వాక్యం ఇప్పటికీ నోటికి వచ్చు: “రోగి సహాయకురాలు నిరక్షరాస్యురాలు అయినందున మందులను తారుమారుగా ఇచ్చినట్లు తెలియుచున్నది.” చీటీలో రాసిన మందే ఇచ్చాం, రిజిస్టరు సరిగ్గా ఉంది, బ్యాచ్ మంచిదే. ఫైలు మూశారు. మరునాడు విజయ గోళీలు అతికించిన అట్ట తెచ్చి కిటికీకి కట్టింది. నేను ఆమె మొహం చూడలేకపోయాను.

నెలన్నర తర్వాత ఇంటికి ఏడాది మిర్చి కొందామని ఎనుమాముల పోయాను. ఒక షెడ్డు కింద ఆడవాళ్లు తాలు ఏరుతున్నారు. వాళ్లకు దూరంగా, విడిగా కూర్చుని సారమ్మ గోనె సంచుల మూతులు కుడుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది. దవాఖాన సారు ఎదురైతే లేచి నిలబడే మర్యాద ఆమెకు ఇంకా మిగిలే ఉంది. తాలు ఏరడం లేదేమని అడిగాను.

“నా కండ్ల మీద నాకే నమ్మకం పోయింది సారూ. ఎర్రదేదో తెల్లదేదో తెల్వని దాన్ని అయిన. మా రజిత నన్ను మనుమని కాడికి గూడ రానిస్తలేదు. జొరమొస్తె మందు గిట్ల తాగిపిస్తనని దానికి బుగులు” అంది. మళ్లీ కూర్చుని సూది అందుకుని, “ఎర్రయి జర తక్కువ ఇచ్చిన్రని ఆ దినం నాకు అనుమానం కొట్టింది. మల్ల అడిగితె కసురుకుంటరని అడగలే” అంది.

ఇక ఆగలేకపోయాను. అక్కడే గోనె సంచుల మధ్య గొంతుక్కూర్చుని చెప్పేశాను. రంగులు మారిన సంగతి, ఎర్రది షుగరు గోళి అయిన సంగతి, నాకు ముందే తెలిసిన సంగతి. ఆమె సూదిని గోనెలో గుచ్చి నా వైపు తిరిగింది.

“అంటె నేను ఎర్రదే ఏసిన్నా?”

ఎర్రదే వేశావన్నాను.

“నువ్వు చెప్పినట్టే ఏసిన్నా?”

నేను చెప్పినట్టే వేశావన్నాను. అప్పుడు ఏడ్చింది. పక్కవాళ్లు పని ఆపి చూసేంత గట్టిగా ఏడ్చింది. నన్ను ఒక్క తిట్టు తిట్టలేదు, తిట్టి ఉంటే బాగుండేది. కళ్లు తుడుచుకుని ఒకటే అడిగింది. “గీ మాట మా రజిత ముందల చెప్పు సారూ.”

ఆదివారం వర్ధన్నపేట పోయాను. రజిత కుర్చీ వేసింది, మంచినీళ్లు ఇచ్చింది. నేను చెప్పిందంతా విన్నది. విన్నాక ఆమె మొదట అడిగింది ఇదే.

“ఆ దినం మా అవ్వను నేను నోటికొచ్చినట్టు తిడ్తాంటె, మీరు గోడకు నిలవడి చూసుకుంట ఉన్నరు కద సార్?”

ఉన్నానన్నాను.  దవాఖాన కాగితాల్లో ఏమని రాశారని అడిగింది. నేను రాసిన వాక్యం చెప్పాను. “గా రాత అట్లనే ఉంటదా మరి?” అంది.

సోమవారం సూపరింటెండెంటుకు రెండో సంజాయిషీ ఇచ్చాను. మూసిన ఫైలును ఎందుకు తవ్వుకుంటావయ్యా అని ఆయన మంచిగానే చెప్పి చూశారు. నేను వెనక్కి తీసుకోలేదు. విచారణ జరిగింది, నా సర్వీసు పుస్తకంలో మందలింపు ఎక్కింది. దాని గురించి నాకు ఫిర్యాదు లేదు. చేసినదానికి అది తక్కువే.

ఆ రెండో సంజాయిషీ నకలు రజిత ఇంటికి పట్టుకెళ్లాను. ఆమె సారమ్మను కూడా పిలిపించింది. గడపలో కూర్చున్న తల్లికి రజిత నిలబడే చదివి వినిపించింది. “రోగి భార్య నేను చెప్పినది చెప్పినట్లుగానే మందులు ఇచ్చినది. మందుల రంగు మారిన సంగతి ఆమెకు తెలియజేయకపోవడం నా తప్పు.”

“ఇంకోపాలి సదువు బిడ్డా” అంది సారమ్మ.

రజిత మళ్లీ మొదలుపెట్టింది. మొదటి వాక్యం కూడా పూర్తి కాలేదు. కాగితం మంచం మీద పడేసి తల్లి పక్కన కూలబడింది. నేను చెప్పులు వేసుకుని వచ్చేశాను.

సారమ్మ మళ్లీ తాలు ఏరడానికి పోయిందో లేదో నాకు తెలియదు. మా కిటికీకి ఆమె రావాల్సిన పని ఇక లేదు. ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలకు చెప్పదగింది ఒక్కటే. ఒక వస్తువు రూపం ఎంత బాగుందో చూడటం నా సరదా. ఆ రూపాన్ని నమ్ముకుని ఒక మనిషి ఇంటికి పోయి ఏం చేస్తుందో చూడటం నా ఉద్యోగం. రంగు మారిన రోజు కిటికీ దగ్గర చెప్పాల్సింది ఒక్క ముక్క, అర నిమిషం పని. అది చెప్పకపోవడం వల్ల కొమురయ్య పోయాడు. చెప్పాల్సింది నేను.