కట్ట మీది ముద్రకాయలు

మొన్న ఆదివారం చర్చి నుంచి వస్తుంటే, కరీంనగర్‌లో మా ఇంటి వెనక ఖాళీ ప్లాటులో చీర కొంగుకు ఒక ఆకు తగిలింది. ఊరికే వేళ్ళతో నలిపితే మఖ్మల్ గుడ్డలా మెత్తగా ఉండి, బెండకాయ తరిగినప్పటి పచ్చి వాసన వేసింది. తుత్తురుబెండ. మా అమ్మాయి ఫోనుతో ఫొటో తీసి ఏదో పొడుగాటి పేరు చదివింది. పక్కనే ఉన్న ఇంకో మొక్కకూ ఫోను అదే పేరు చెప్పింది. అది తుత్తురుబెండ కాదు, దాని చెల్లెలు. ఫోనును అని ఏం లాభం, మా ఊళ్ళోనూ సగం మందికి ఆ రెండూ ఒకటే.

జమ్మికుంట పక్కన మా ఊళ్ళో ఈ వంశం మొక్కలకు కొదవ లేదు. చేలో పత్తి, పెరట్లో బెండ, గట్ల వెంట పుంటికూర అని మేం పిలిచే గోంగూర, వాటి పూలు పక్కపక్కన పెడితే అక్కచెల్లెళ్ళని ఎవరైనా చెబుతారు. ఎవరూ నాటని ఈ రెండింటికీ గుండె ఆకారపు ఆకులే, పసుపు పూలే, బండి చక్రంలాంటి కాయలే. పచ్చికాయను సిరాలో ముంచి అరచేతిలో ఒత్తుకుంటే చక్రం దిగేది కాబట్టి పిల్లలం రెండింటినీ ముద్రకాయలనేవాళ్ళం. అమ్మమ్మ మాత్రం ఒక్కదాన్నే ఇంట్లోకి రానిచ్చేది. అది నున్నది, అసలు తుత్తురుబెండ. పువ్వు లోపలంతా పసుపే, పొద్దు వాలితే గానీ విప్పుకోదు. రెండోది నూగుది. పువ్వు నడుమ ముదురెర్ర మచ్చ, కాడ నిండా వెంట్రుకలు, పట్టుకుంటే చేతికి జిగురు, ఆపైన దురద.

ఇంత తేడా ఎందుకంటే, క్రిస్మస్‌కు. చలి ముదిరి పత్తి ఏరడం చివరికి వచ్చే రోజుల్లో అమ్మమ్మ బెల్లం పాకంతో గోధుమపిండి గట్టిగా కలిపి, బిల్లలు తట్టి, ఒక్కోదాని మీద పచ్చి ముద్రకాయ ఒత్తి నూనెలో వేసేది. కాగిన బెల్లం వాసన వాడకట్టంతా పాకేది. "నూగుది ముట్టకు బిడ్డా, గొంతుల పడ్తది" అని నాకు పదేపదే చెప్పేది. చర్చిలో అందరి పిండివంటలూ ఒకే గంపలో పోసి పంచేవారు. చక్రం ముద్ర ఉన్న బిల్ల అమ్మమ్మదని పాస్టరుగారికి కూడా తెలుసు.

మేం అమ్మను అవ్వ అనీ, నాన్నను బాపు అనీ పిలిచేవాళ్ళం. అమ్మమ్మ పోయిన రోజున మా అవ్వకూ, వాగు అవతలి ఊళ్ళో ఉండే ఆమె అక్క, మా పెద్దవ్వకూ మాటా మాటా పెరిగింది. "మన్ను పోసినంక వచ్చినవ్" అని అవ్వ అన్నది. పెద్దవ్వ చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఒకే చర్చిలో ఒకే పాట పాడుతూ ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్ళు కాదు. అవ్వ అన్నం ముందు పెట్టుకుని పరధ్యానంగా కూర్చోవడం చూస్తే నాకు భయమేసేది.

ఆ ఏడు క్రిస్మస్ ఆరాధన కాగానే అవ్వ నా జబ్బ పట్టుకుని, "మీ పెద్దవ్వ ముద్ర ఏసిందా లేదా, జర సూసి రా పో" అంది. పెద్దవ్వ బిల్లల్లో నువ్వులుంటాయి, గంపలో వెతికితే దొరికాయి. ముద్ర ఉంది. నూగుదాని చక్రమైతే గీతలు సన్నగా, ఒత్తుగా పడతాయి, పిండికి నూగు కూడా అంటుకుంటుంది. ఇది విడివిడిగా, శుభ్రంగా ఉంది. నున్నదే. కానీ వాగు అవతలి నల్లరేగడిలో నూగుది తప్ప మొలవదు. నున్నది ఉండేది మా ఇంటి వెనక కాలువ కట్ట మీదే. సంగతి చెప్పగానే అవ్వ కళ్ళు నిండాయి.

"కట్ట దాక వచ్చింది గని ఇంట్లకు రాలే సూడు."

మా అవ్వ అంత తేలిగ్గా తగ్గే మనిషి కాదు, తనే వెళ్ళి పిలవచ్చు కదా అంటే వినదు. మరుసటి ఏడు పండుగ దగ్గర పడుతుండగా గంప పట్టుకుని కట్టెక్కి, ఈ చివర నుంచి ఆ చివర దాకా పనికొచ్చే పచ్చికాయ ఒక్కటి మిగల్చకుండా తెంపి, తెచ్చి తడిగుడ్డ కప్పి లోపల పెట్టింది. బాపు నవ్వి, "పిచ్చి లేసిందా?" అన్నాడు. "గిప్పుడెట్ల రాదో సూస్త" అంది అవ్వ.

మూడో రోజు పొద్దు వాలే వేళకు పెద్దవ్వ వాకిట్లో నిలబడింది. కట్ట మీద తిరిగి తిరిగి చీర నిండా పల్లేరుకాయలు.

"కాయలేవే?"

"లోపట్నే ఉన్నయక్కా. అన్నం తిను, ఇస్త."

పెద్దవ్వ చెప్పులు విడిచింది.

ఇద్దరూ ఇప్పుడు లేరు. కాలువకు సిమెంటు పోశారు, మిగిలిన గట్ల మీద గడ్డిమందు కొడుతున్నారు. ఇక్కడ కరీంనగర్ చర్చిలో అందరం బేకరీ కేకే పంచుకుంటాం, ఏ ముక్క ఎవరిదో గుర్తుపట్టే పని లేదు. మా తమ్ముడు అదే చర్చికి వస్తాడు, నాలుగు వరసల ముందు కూర్చుంటాడు. బాపు పోయినప్పటి నుంచి మాకు మాటల్లేవు. అవ్వలాగా ఏదైనా తెచ్చి దాచిపెడదామని చాలాసార్లు అనుకున్నాను. వాడికి కావలసినదేదీ నా ఇంట్లో లేదు.